కలిమా చదివి ఏడాదైంది, మనసు చప్పబడిపోయింది: ఏం చెయ్యాలి?

తల్లీ, నీ ప్రశ్న నిదానంగా చదివాను. మిగతావాళ్ళకీ తెలియాలి కాబట్టి సంగతి క్లుప్తంగా చెప్పి మొదలుపెడతాను. నీకు ఇరవై ఏడేళ్ళు. గుంటూరు కొత్తపేటలో ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేస్తూ బ్రాడీపేటలో హాస్టల్లో ఉంటున్నావు. సొంతూరు తెనాలి పక్కన. ఎవరి బలవంతమూ లేకుండా, చదివి, ఆలోచించి, ఏడాది కిందట కలిమా (ఇస్లాంలోకి వచ్చేటప్పుడు పలికే విశ్వాస వాక్యం) చదివావు. మొదటి మూణ్ణాలుగు నెలలు నమాజులో నుదురు నేలకి ఆనించే సజ్దాలో కన్నీళ్ళు ఆగేవి కావు. ఇప్పుడేమో ఏమీ అనిపించడం లేదు, నమాజులు తప్పుతున్నాయి, అరబీకి నోరు తిరగడం లేదు. కలిసిన ముస్లిం ఆడవాళ్ళు ఉర్దూలో మాట్లాడుకుంటుంటే పక్కన ఊరికే కూర్చుంటున్నావు. అమ్మకి ఇంకా చెప్పలేదు. "నాది నిజమైన ఈమానేనా (విశ్వాసమేనా), మోజు తీరిపోయిందా?" అని అడిగావు.

నేనూ హిందూ ఇంట్లో పుట్టి, విజయవాడలో ఉద్యోగం చేసే రోజుల్లో దీన్‌లోకి, అంటే ఇస్లాంలోకి, వచ్చినదాన్నే. ఇప్పుడు గుంటూరులో పొన్నూరు రోడ్డు వైపు ఉంటాను. కొత్తగా వచ్చిన ఆడవాళ్ళకి నమాజు, ఖుర్ఆన్ చదవడం నేర్పడం చాలా ఏళ్ళుగా నా పని. ఆలిమాని, అంటే మతశాస్త్రం చదివిన పండితురాలిని, కాను. ఫత్వా (మతపరమైన తీర్పు) కావలసిన చోట ఆలిమ్‌నే అడగాలి. కానీ నువ్వు చెప్పిన అవస్థ మాత్రం నాకు బాగా తెలుసు, నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది దాన్ని దాటినవాళ్ళే.

ముందు నీ భయం సంగతి. ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) దగ్గర వ్రాతపని చేసే సహాబీ (సహచరుడు) హంజలా (ర) ఒకరోజు ప్రవక్తకి అతి దగ్గరివారైన అబూబక్ర్ (ర) ఎదురుపడితే "హంజలా మునాఫిఖ్ (కపట విశ్వాసి) అయిపోయాడు" అన్నారు. ఏమైందంటే, ప్రవక్త దగ్గర కూర్చున్నప్పుడు స్వర్గం, నరకం కళ్ళెదుట ఉన్నట్టే ఉంటాయి, ఇంటికెళ్ళి భార్యాబిడ్డల్లో, పనుల్లో పడగానే చాలావరకు మర్చిపోతున్నాను అన్నారు. అబూబక్ర్ (ర) ఏమన్నారో తెలుసా? "నాకూ అలాగే ఉంటోంది" అన్నారు. ఇద్దరూ కలిసి ప్రవక్త దగ్గరికే వెళ్ళారు. మీరు నా దగ్గర ఉన్నప్పటి స్థితిలోనే ఎప్పుడూ ఉంటే దైవదూతలు మీ పడకల మీద, మీ దారుల్లో మీతో కరచాలనం చేసేవారు, కానీ హంజలా, ఒక ఘడియ ఇలా, ఒక ఘడియ అలా, అని మూడుసార్లు చెప్పారాయన. సహీహ్ ముస్లిం అనే సంకలనంలో ఉన్న హదీసు (ప్రవక్త మాటల, పనుల కథనం) ఇది. అబూబక్ర్ అంతటివారికి వచ్చిన దిగులు నీకొచ్చింది. ఈమాన్ లేని మనిషికి ఈమాన్ పోయిందేమోనన్న దిగులు రాదు.

మొదటి నెలల కన్నీళ్ళు అల్లాహ్ ఇచ్చినవి. అవి ఉన్నన్నాళ్ళూ దారి నల్లేరు మీద నడకలా ఉంటుంది. అవి ఆగిన తర్వాతే నీ వంతు మొదలవుతుంది. డెల్టా పిల్లవి, నీకు తెలిసే ఉంటుంది: నారుమడి నుంచి పీకి నాటిన వరి కొన్నాళ్ళు పసుపుపచ్చగా వాడిపోయి నిలబడుతుంది, వేరు పట్టాకే తేరుకుంటుంది. నువ్వు ఇప్పుడు ఆ రోజుల్లో ఉన్నావు.

జుహా సూరా చదివావా? ఖుర్ఆన్‌లో 93వ అధ్యాయం, పదకొండు ఆయతులు (వాక్యాలు). ప్రవక్తకి కొంతకాలం వహీ (దైవవాణి) ఆగిపోయి, మక్కాలో విరోధులు ఎత్తిపొడుస్తున్నప్పుడు దిగింది. నీ ప్రభువు నిన్ను విడిచిపెట్టలేదు, నీమీద ఆయనకి కోపమూ రాలేదు అని అందులో మాట. తర్వాత, నువ్వు అనాథగా ఉంటే ఆశ్రయం ఇవ్వలేదా, దారి తెలియకుండా ఉంటే దారి చూపలేదా అని అడుగుతుంది. మనలాంటి ఆడవాళ్ళం దాన్ని తెలుగు అర్థంతో కలిపి చదివితే ఎవరి గురించి చెబుతోందో వేరే వివరించనక్కర్లేదు. ఫాతిహా, ఇఖ్లాస్ వచ్చాక నేను నేర్పే మూడో సూరా ఇదే.

ఇక నమాజు. దీని గురించే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మిగతావన్నీ దీని వెనకాలే వస్తాయి.

నీ మాటల్ని బట్టి చూస్తే నువ్వు మొదటి రోజు నుంచే ఫర్జ్‌లు (తప్పనిసరివి), సున్నతులు (ప్రవక్త అలవాటుగా చదివినవి), నఫిల్‌లు (ఇష్టమైతే చదివేవి), తహజ్జుద్ (రాత్రి లేచి చదివే నమాజు), పొద్దునా సాయంత్రం పుస్తకంలో ఉన్న దుఆలన్నీ (వేడుకోళ్ళన్నీ) నెత్తికెత్తుకున్నావు. ఆరు నెలలకి అలసిపోయి అన్నీ కలిపి కింద పెట్టేశావు. ఐదు పూటల నమాజు ఫర్జ్, అందులో తగ్గించి చెప్పే హక్కు నాకు లేదు. కానీ ఫర్జ్ రకాతులు (నమాజులో ఒక్కో ఆవృత్తి) ఎన్నో లెక్క చూడు: ఫజర్ రెండు, జుహర్ నాలుగు, అసర్ నాలుగు, మగ్రిబ్ మూడు, ఇషా నాలుగు. మొత్తం పదిహేడు. నింపాదిగా చదివినా రోజు మొత్తం మీద అరగంట, నలభై నిమిషాలు. కొన్నాళ్ళు ఈ పదిహేడూ గట్టిగా పట్టుకో. ఒక ఎడారి మనిషి వచ్చి ఏవి తప్పనిసరో అడిగి తెలుసుకుని, "వీటికి ఒక్కటీ కలపను, ఒక్కటీ తగ్గించను" అని వెళ్ళిపోతే, మాట నిలబెట్టుకుంటే అతను గెలిచినట్టే అన్నారు ప్రవక్త (స). అల్లాహ్‌కి అన్నిటికంటే ఇష్టమైన పని కొంచెమైనా సరే విడవకుండా చేసేది అని కూడా ఆయనే చెప్పారు. ఈ రెండు హదీసులూ బుఖారీ, ముస్లిం సంకలనాలు రెండింటిలోనూ ఉన్నాయి. సున్నతులు చిన్నవి కావు, మన ప్రాంతంలో హనఫీ సంప్రదాయపు పెద్దలు ముఅక్కదా (గట్టిగా చెప్పిన) సున్నతులను వదలొద్దని గట్టిగానే చెబుతారు. ఫర్జ్ కుదురుకున్నాక వాటిని ఒక్కొక్కటిగా చేర్చుకో, ముందు ఫజర్‌వి రెండు.

డ్యూటీలో ఎలా అని అడిగావు. జుహర్‌కి గాభరా పడక్కర్లేదు. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి కనీసం మూడింటి దాకా సమయం ఉంటుంది, నీ భోజనం విరామం అందులోనే వస్తుంది. భోజనానికి ముందే చదివేసుకో, తిన్నాక బద్ధకిస్తుంది. ఇబ్బంది అంతా మగ్రిబ్‌తోనే, మన దగ్గర సుమారు గంటంపావే ఉంటుంది. సాయంత్రం షిఫ్టు ఉన్న రోజుల్లో శాంపిళ్ళు ఎక్కువ వచ్చే వేళ అదేనని నాకు తెలుసు. తోటి ఉద్యోగికి "ఏడు నిమిషాలు చూసుకోవా" అని చెప్పి వెళ్ళు. ఎందుకని అడిగితే ప్రార్థనకి అని చెప్పు, అంతకుమించి వివరాలు ఇవ్వాల్సిన పనిలేదు. ఖిబ్లా, అంటే నమాజులో తిరగాల్సిన కాబా దిక్కు, గుంటూరు నుంచీ విజయవాడ నుంచీ సరిగ్గా పడమర కాదు, పడమర నుంచి కొంచెం ఉత్తరానికి తిరిగి ఉంటుంది. స్టోర్ రూమ్‌లో ఒకసారి ఫోన్లో చూసి ఏ బీరువా వైపో గుర్తు పెట్టుకుంటే రోజూ వెతుక్కోనక్కర్లేదు. సంచిలో ఒక చున్నీ, మడతపెట్టిన పల్చటి దుప్పటి, వుజూకి (నమాజుకి ముందు చేతులు, మొహం, కాళ్ళు కడుక్కోవడానికి) చిన్న నీళ్ళ సీసా పెట్టుకో.

బహిష్టు రోజుల్లో నమాజు లేదు, తర్వాత తిరిగి చదవాల్సిన పనీ లేదు. మానేసిన ఉపవాసాలు మాత్రం తర్వాత ఉండాలి. ప్రవక్త భార్య ఆయిషా (ర) దీన్ని స్పష్టంగా చెప్పారు. కొత్తవాళ్ళకి నమాజు జారిపోయేది సరిగ్గా ఈ విరామం తర్వాతే, చాలామందిలో చూశాను. అందుకని ఆ రోజుల్లోనూ నమాజు వేళకి అదే చోట ఐదు నిమిషాలు కూర్చో. తస్బీహ్ (అల్లాహ్ స్తుతి) చెప్పుకో, దుఆ చెయ్యి, ఖుర్ఆన్ విను. కూర్చునే అలవాటు తెగకపోతే స్నానం చేసిన రోజు నమాజు తేలిగ్గా అందుకుంటుంది.

అరబీ విషయం. తెలుగు లిపిలో రాసుకున్న ఫాతిహాతో మొదలుపెట్టావు, మంచిదే, కానీ దాని మీదే ఉండిపోకు. మన అక్షరాల్లో పలికించలేనివి కొన్ని ఉన్నాయి. "అల్‌హమ్దు"లో ఉన్న హకారం మన హకారం కాదు, గొంతు మధ్యభాగం బిగించి వదలాలి. "ఆలమీన్" మొదట్లో ఉన్న ఐన్ మనకి అసలు లేనే లేదు. వీటిని కాగితం నేర్పదు, ఎదురుగా కూర్చున్న మనిషి నోరు నేర్పుతుంది.

నా దగ్గరికి విజయవాడ సింగ్‌నగర్ నుంచి ఒకావిడ వచ్చేది. మిషన్ కుట్టుకుని బతికే మనిషి, చదువు ఐదో తరగతి. ఆరు ఆయతులు వచ్చేశాయి, ఏడో దానిలో "వలజ్జాల్లీన్" దగ్గర నాలుక కదిలేది కాదు. నాలుక పక్క అంచు పై దంతాలకి ఆనించి పలికే అక్షరం అది, అరబ్బుల పిల్లలకే ఆలస్యంగా వస్తుందంటారు. ఆ ఒక్క పదాన్నే చీటీ మీద రాసి మిషన్‌కి అంటించుకుంది. జాకెట్టుకి హెమ్మింగ్ వేస్తూ అదే మాట. ఒక చెయ్యి అయ్యాక రెండో చెయ్యి, మళ్ళీ అదే మాట. ఇంట్లో పిల్లలకి కూడా వచ్చేసిందట. కొన్ని వారాల తర్వాత ఒకరోజు నా ముందు కూర్చుని ఆపకుండా చివరిదాకా చదివి, "ఆమీన్" అన్నాక ఇద్దరం కాసేపు మాట్లాడలేకపోయాం. ఖుర్ఆన్‌ని తడబడుతూ కష్టపడి చదివేవాళ్ళకి రెండు పుణ్యాలు అన్న ప్రవక్త మాట (బుఖారీ, ముస్లిం) ఆవిడకి నేను చెప్పిందే, కానీ ఆరోజు దాని బరువు నాకు తెలిసింది.

నీకు చెప్పేది అదే. రోజుకి ఒక్క ఆయతు, పదిసార్లు. ఫోన్లో ఈజిప్టు ఖారీ (ఖుర్ఆన్ పఠించే నిపుణుడు) మహ్మూద్ ఖలీల్ అల్ హుసరీ నేర్పే పద్ధతిలో నిదానంగా చదివిన రికార్డింగు దొరుకుతుంది, ఆయన చదివాక ఆపి నువ్వు చదువు. వారానికి ఒకసారి మనిషికి వినిపించు. ఫాతిహా పూర్తిగా రానంతవరకు నమాజు ఆపొద్దు. ఖుర్ఆన్ నేర్చుకోలేకపోతున్నానని చెప్పుకున్న మనిషికి ప్రవక్త (స) "సుబ్‌హానల్లాహ్, అల్‌హమ్దులిల్లాహ్, లా ఇలాహ ఇల్లల్లాహ్, అల్లాహు అక్బర్, లా హౌల వలా ఖువ్వత ఇల్లా బిల్లాహ్" చెప్పుకోమన్నారు, అబూదావూద్ హదీసు సంకలనంలో ఉంది. నమాజు చివర సలాం తిప్పాక లేచిపోకుండా చేతులెత్తి తెలుగులో మాట్లాడు. ల్యాబ్‌లో పడిన మాట, అమ్మ మోకాళ్ళ నొప్పి, హాస్టల్ ఫీజు, అన్నీ. అల్లాహ్‌తో తెలుగులో మాట్లాడని మనిషికి ఆయన ఎప్పటికీ పరాయి భాషలోనే ఉండిపోతాడు, అది నాకు చాలా బాధ కలిగించే సంగతి.

ఉర్దూ సంగతీ ఇక్కడే. ఉర్దూ మన చుట్టుపక్కల ముస్లింలలో చాలామంది ఇంటి భాష, అంతే. అది రాకపోవడం నీ దీన్‌కి లోటు కాదు. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో నూర్‌బాషా కుటుంబాలు ఎన్నో తరాలుగా తెలుగే మాట్లాడుతున్నాయి, వాళ్ళ ఇళ్ళల్లో నాయనమ్మలు పొడుపు కథలు చెప్పినా, దుఆ చేసినా తెలుగులోనే. అలాంటి ఇల్లు ఒకటి వెతుక్కో. జుమా బయాన్ (శుక్రవారం ప్రసంగం) తెలుగులో ఇచ్చే మసీదులు కూడా ఇప్పుడు పెరిగాయి. ఉర్దూ మాట్లాడే ఆడవాళ్ళు నిన్ను కావాలని పక్కన పెట్టడం లేదు. నలుగురు ఒక భాషవాళ్ళు కలిస్తే వాళ్ళకి తెలియకుండానే అందులోకి జారిపోతారు. "ఆపా, తెలుగులో చెప్పరా" అని అడుగు. అడిగితే కాదన్నవాళ్ళని నేను చూడలేదు.

మసీదుకి వెళ్ళాలని ఉంది, ఆడవాళ్ళకి చోటు లేదన్నావు. నిజమే, మన ఊళ్ళల్లో చాలా మొహల్లా మసీదుల్లో లేదు. అల్లాహ్ దాసీలను మసీదులకు రాకుండా ఆపొద్దన్న హదీసు ఉంది, మసీదులో నమాజు చదవడానికి ముస్లిం మహిళలకు అనుమతి ఉందని 2020లో ఆలిండియా ముస్లిం పర్సనల్ లా బోర్డే సుప్రీంకోర్టుకి చెప్పింది. అయినా వాడుకలో మార్పు నెమ్మదిగానే వస్తోంది. అప్పటిదాకా ఇళ్ళల్లో జరిగే ఆడవాళ్ళ ఇజ్తిమాలే (సమావేశాలే) మనకి ఆధారం.

ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు, చేతులు ఎక్కడ కట్టుకోవాలో, ఆమీన్ గట్టిగా అనాలో మెల్లగా అనాలో తెలియడం లేదన్నావు. హనఫీలు, అహ్లె హదీస్ వాళ్ళు, తబ్లీగ్ వాళ్ళు, దర్గాలకి వెళ్ళేవాళ్ళు, అందరూ గుంటూరులోనే ఉన్నారు, అందరూ నిన్ను తమ వైపు రమ్మంటారు. నమ్మకస్తురాలైన ఒక్క ఉస్తాద్‌ని ఎంచుకుని రెండేళ్ళు ఆవిడ నేర్పినట్టే చెయ్యి. వాదాల వీడియోలు చూడటం ఆపెయ్. కొత్తవాళ్ళ మనసుని ఎండగట్టేది వాటికి మించి ఇంకొకటి లేదని నా నమ్మకం.

ఇక అమ్మ.

నువ్వు రాసిన దాంట్లో నన్ను ఎక్కువ పట్టుకున్నది బొట్టు గురించి రాసిన మాట. ఊరికెళ్ళే బస్సు దిగేముందు సంచిలోంచి స్టిక్కర్ తీసి పెట్టుకుంటున్నానని, అప్పుడు ఏడుపొస్తోందని రాశావు. మన ఇళ్ళల్లో కూతురి నుదురు బోసిగా కనిపిస్తే అమ్మకి తట్టేది మతం కాదమ్మా, అశుభం. అందుకే ఆవిడ అంతగా కంగారుపడుతుంది. పెట్టుకోమని నేను చెప్పను, మన ఆలిమ్‌లు వదిలేయమనే చెబుతారు. కానీ అమ్మకి విషయం చెప్పకుండా ముందు బొట్టు తీసేస్తే ఆవిడకి అన్నిటికంటే చెడ్డ ఊహే వస్తుంది. ముందు మాట చెప్పాలి, తర్వాత నుదురు చూపించాలి. అలాగే, తీయనక్కర్లేనివి తీయకు. చీర కట్టుకో, పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని కొంగు తల మీదుగా కప్పుకుంటే సరిపోతుంది. గాజులు వేసుకో. ఇంట్లో అమ్మ మల్లెపూలు మాల కడితే జడలో పెట్టించుకో. అమ్మ ముందు నువ్వు ఆవిడ కూతురిలానే కనిపించాలి.

తల్లిదండ్రుల గురించి ఖుర్ఆన్ చెప్పినది లుఖ్మాన్ సూరాలో 14, 15 ఆయతుల్లో చదువు. నీరసం మీద నీరసంతో మోసిన తల్లిని గుర్తుచేసి, వాళ్ళు షిర్క్ (అల్లాహ్‌కి సాటి కల్పించడం) చెయ్యమని ఒత్తిడి చేస్తే ఆ ఒక్క మాటా వినకు, కానీ ఈ లోకంలో వాళ్ళతో మంచిగా మెలుగు అంటుంది. అబూబక్ర్ కూతురు అస్మా (ర) తల్లి ముస్లిం కాదు, కూతుర్ని చూడ్డానికి మదీనా వచ్చింది. ఆవిడతో బంధం కలుపుకోవచ్చా అని అస్మా అడిగితే "అవును, మీ అమ్మతో బంధం నిలుపుకో" అన్నారు ప్రవక్త (స). అమ్మ అలిగి అన్నం మానేస్తే ఏం చెయ్యాలన్నావు. సఅద్ ఇబ్న్ అబీ వఖ్ఖాస్ (ర) తల్లి అదే చేసింది, స్పృహ తప్పేదాకా తినలేదు. ఆయన దీన్ వదల్లేదు, తల్లినీ వదల్లేదు. నీ అమ్మ కూడా రెండు పూటలు మానేస్తుందేమో. ఆ రెండు పూటలూ నువ్వు పక్కనే ఉండు, కేకలు వేస్తే తిరిగి కేక వేయకు, మజ్జిగ కలిపి మంచం పక్కన పెట్టు.

ఎలా చెప్పాలి? ఫోన్లో వద్దు, వాట్సాప్‌లో అసలే వద్దు. పండగపూట వద్దు. మామూలు రోజు, అన్నయ్య పొలానికో పనికో వెళ్ళాక, అమ్మ కూర తరుగుతుంటే పక్కన కూర్చుని చెప్పు. ముందుగా ఆవిడ భయాలకి జవాబు చెప్పు: నిన్ను వదిలి వెళ్ళడం లేదు, నెలనెలా పంపే డబ్బు ఆగదు, పండక్కి వస్తాను, ఎవరో అబ్బాయి కోసం చేసింది కాదు. ఆ తర్వాత కలిమా గురించి. నీ మాట వినే పిన్నో మేనత్తో ఉంటే ముందు ఆవిడకి చెప్పి ఉంచు. ఇంట్లో చెయ్యి చేసుకునేవాళ్ళు, గదిలో పెట్టేవాళ్ళు ఉన్నారని అనుమానం ఉంటే మాత్రం ఒంటరిగా చెప్పకు. సర్టిఫికెట్లు, బ్యాంకు కార్డు గుంటూరులోనే ఉంచు, మహిళా హెల్ప్‌లైన్ 181 గుర్తు పెట్టుకో. నువ్వు మేజర్‌వి, నమ్మిన మతాన్ని ఆచరించే హక్కు రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చింది.

సంక్రాంతికి వెళ్ళు. అరిసెల పాకం దగ్గర అమ్మ పక్కన కూర్చో, గొబ్బెమ్మల పూజ దగ్గర మాత్రం కూర్చోకు. ప్రసాదం ఇస్తే మొహం మీద తోసెయ్యకు, "వద్దమ్మా, అన్నం పెట్టు" అను. అమ్మ వండిన పప్పు, గోంగూర, పెరుగు నీకు ఎప్పటిలాగే హలాల్. కోడి ఎవరు కోశారో అడిగి తెలుసుకో. ఇంట్లో దేవుడి పటాల గురించి ఒక్క మాట తూలకు. వాళ్ళు కొలిచేవాటిని దూషించొద్దని అన్ఆమ్ సూరా 108వ ఆయతు మనకే చెబుతోంది. కొత్త ఉత్సాహంలో అమ్మకి షిర్క్ గురించి పాఠాలు చెప్పి ఇంటికి దూరమైన ఆడపిల్లలు నాకు తెలుసు.

ఇంకో మాట. హకీమ్ ఇబ్న్ హిజామ్ (ర) ఇస్లాంలోకి రాకముందు తాను చేసిన దానధర్మాలు, బంధువులకి చేసిన మేలు ఏమైపోయాయని అడిగితే, "నువ్వు చేసిన మంచితో సహా ఇస్లాంలోకి వచ్చావు" అన్నారు ప్రవక్త (స). వాకిట్లోకి వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు ఇవ్వడం, పెద్దవాళ్ళు వస్తే లేచి నిలబడటం, ఎంగిలి చేత్తో వడ్డించకపోవడం నీకు నేర్పింది అమ్మే. అవన్నీ నీతోపాటు వచ్చాయి. వాటి సంగతి అమ్మకి కూడా చెప్పు.

పెళ్ళి గురించి నువ్వు అడగలేదు, కానీ నీకు త్వరలోనే సంబంధాలు తెస్తారు, కొందరు మంచి మనసుతో, కొందరు కాదు. ఒంటరిగా ఉన్న కొత్త ముస్లిం ఆడపిల్ల అంటే తొందరపెట్టేవాళ్ళు ఉంటారు, రెండో భార్యగా అడిగేవాళ్ళూ ఉంటారు, పుణ్యం పేరు చెబుతారు. తొందరపడకు. అమ్మతో విషయం తేలేదాకా, నమాజు కుదురుకునేదాకా ఆగు. చేసుకునేటప్పుడు నీ తరఫున మాట్లాడే పెద్దమనిషి ఉండాలి, మహర్ (వరుడు వధువుకి ఇవ్వాల్సిన సొమ్ము) కాగితం మీద ఉండాలి, నీ చేతికి రావాలి. నికాహ్‌తో ఆపకుండా ప్రభుత్వం దగ్గర కూడా రిజిస్టర్ చేయించు, మన రాష్ట్రంలో 2002 చట్టం ప్రకారం అది తప్పనిసరి.

కాగితాల గురించి క్లుప్తంగా చెప్తాను. ముస్లిం కావడానికి అఫిడవిట్ అవసరం లేదు, పేరు మార్చుకోవాలన్న షరతూ లేదు. చెడ్డ అర్థం ఉన్న పేర్లను ప్రవక్త (స) మార్చారు, మిగతా సహాబాలు పాత పేర్లతోనే ఉన్నారు. నీ పేరులో దేవత పేరు ఉందనుకో, మన వాళ్ళ మధ్య పిలుచుకోవడానికి వేరే పేరు పెట్టుకో, ఆధార్, డిగ్రీలు కదిలించకు. ఉమ్రాకో (మక్కా యాత్రకో), నికాహ్‌కో ధ్రువపత్రం అడిగితే అప్పుడు తీసుకోవచ్చు. నీ సామాజిక వర్గం నువ్వు చెప్పలేదు, నేను అడగను. ఎస్సీ సర్టిఫికెట్ ఉంటే మాత్రం ఇది తెలుసుకో: 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఆ హోదా హిందువులకి, 1956 నుంచి సిక్కులకి, 1990 నుంచి బౌద్ధులకి మాత్రమే. ఇస్లాంలోకి వచ్చాక దాని మీద లబ్ధి తీసుకోవడం చట్టం దృష్టిలో కుదరదు, దాచి తీసుకోవడం దీన్‌లోనూ తప్పే. నాన్న ఆస్తిలో నీ హక్కు మతం మారినందుకు పోదు. హిందూ వారసత్వ చట్టం 26వ సెక్షన్ అడ్డుపెట్టేది మారిన తర్వాత పుట్టిన పిల్లలకి. అయినా సంతకాలు పెట్టే ముందు వకీలుకి చూపించు.

రమజాన్ గురించి దిగులు పడకు. ఏటా పది పదకొండు రోజులు వెనక్కి వస్తుంది కాబట్టి మన కోస్తా ఎండాకాలాన్ని దాటేసింది. 2025లో మన దగ్గర మార్చి 2న మొదలైంది, వచ్చే కొన్నేళ్ళు చలి రోజుల్లోకే జరుగుతుంది. సహ్రీకి (ఉపవాసానికి ముందు తెల్లవారుజామున తినేదానికి) హాస్టల్లో ముందు రాత్రి అన్నం, పెరుగు తీసి పెట్టుకో, వార్డెన్‌కి ఒక మాట చెప్పి ఉంచు. ఇఫ్తార్ మాత్రం గదిలో ఒంటరిగా చెయ్యకు, వారానికి రెండుసార్లైనా ఎవరింటికైనా వెళ్ళు. పోయినసారి బహిష్టు వల్ల మానేసిన రోజాలు ఉంటే ఇప్పటి నుంచే ఒక్కొక్కటి పూర్తిచేసుకో, సోమవారమో గురువారమో పెట్టుకుంటే సులువు.

మా ఇంట్లో ఆదివారం జుహర్ తర్వాత నలుగురైదుగురం కూర్చుంటాం. మాటలన్నీ తెలుగులోనే. బ్రాడీపేట నుంచి ఆటోలో ఎంతో సేపు పట్టదు. ఈ వారం పదిహేడు రకాతులూ, రోజుకో ఆయతూ మొదలుపెట్టి, ఫాతిహాలో ఏ మాట దగ్గర నాలుక ఆగుతోందో గుర్తుపెట్టుకుని రా, అక్కణ్ణుంచే పట్టుకుందాం.